బండి బంద్ చెయ్యొద్దు

చావి తిప్పితే ఇంజన్ తిరగాలి. తిరగకపోతే కనీసం ముసలి ఎద్దులా ఓ మూలుగు మూలగాలి. దసరా అయిన వారంలో ఒక పొద్దున మా పికప్ బండి ఆ రెండూ చేయలేదు. "టక్" అని ఊరుకుంది. అలిగిన అల్లుడైనా అంతకంటే ఒక మాట ఎక్కువ మాట్లాడతాడు.

ఇంజన్‌ను మొదట తిప్పి లేపే చిన్న మోటారును మా దగ్గర సెల్ఫ్ అంటాం. బడిలో దాన్ని ఏమంటారో నాకు తెలియదు. నేను ఏడో తరగతిలోనే సార్లకు విశ్రాంతినిచ్చి వచ్చేశాను, కరెంటు పాఠం ఆ పై తరగతిలో ఉండేదట. సెల్ఫ్ ఎందుకు పట్టడం లేదో కనిపెట్టడం నాడి చూడడం లాంటిది. కాకపోతే ఇక్కడ రోగి నోరు తెరిస్తే ఒక్కటే మాట: టక్.

ఆ బండి నాదీ, మా మేనత్త కొడుకుదీ. ఇద్దరం కలిసి పాత బండి కొన్నాం. లింగాల ఘనపూర్ దగ్గరి మా ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి ఏమిటంటే, దాన్ని నడిపేది నేను, దానికి పూజ చేసేది బావ. దసరాకు ముందు మా వైపు బండికి కొత్త రంగు పడాల్సిందే. పండుగ పూట పాత రంగుతో బండిని నిలబెడితే పెళ్లిపిల్లను మాసిన చీరతో కూర్చోబెట్టినంత నామోషీ. ఈసారి బావ మరీ భక్తిగా చేశాడు. బ్యాటరీ విప్పి, వైర్లు విప్పి, బండి కింద ఇనుప చట్రమంతా రుద్ది కడిగి, నిగనిగలాడే నల్ల రంగు కొట్టాడు. అంతా మళ్లీ బిగించి పసుపు కుంకుమ పెట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టాడు. బండి కింద పడుకుని చూసేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి ఆ అందం కుక్కలకే కనబడింది.

ఆ పొద్దున సెల్ఫ్ టక్‌మన్నప్పుడు బావ పక్కనే వేపపుల్ల నములుతున్నాడు.

"నిమ్మకాయ సక్కగ చితకలే బామ్మర్దీ," అన్నాడు. "ఎనుక ఎడమ టైరు కింది కాయ జారిపోయింది. నేను సూసిన. ఆనాడే అనుకున్న."

"ఆనాడే చెప్పొద్దా?"

"పండుగ పూట చెడ్డ మాటెందుకని."

"ఇప్పుడేం చెయ్యాలె మరి? ఇంకో కాయ పెట్టాల్నా, ఆ జారిన కాయనే ఎతికి తేవాల్నా?"

"నువ్వు నవ్వుతవ్ తియ్యి. టైరు నవ్వది."

ఇద్దరం కలిసి బండిని వాలు దాకా తోశాం. గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజన్ లేచింది. అక్కడితో ఆ రోజు కిరాయి మానుకోవచ్చు. కానీ ఆ కిరాయి వాయిదా వేసేది కాదు. దంతాలపల్లి దగ్గర ఒక నర్సరీ కుంట నుంచి చేపపిల్లలను ఎక్కించుకుని, భూపాలపల్లి అవతల ఒక ఊరి చెరువులో దింపాలి. చెరువు తరఫు మనిషి, ఒక అక్క, ముందు రోజే కుంట దగ్గరికి చేరుకుంది. పిల్లలను పట్టి, ప్రయాణంలో నీళ్లు చెడకుండా మేత ఆపి, బట్ట వలలో ఉంచారు. అట్లా ఉంచిన పిల్లలను మళ్లీ కుంటలో వదిలితే సగం బతకవట. పత్తి సీజను కావడంతో చుట్టుపక్కల పికప్‌లన్నీ జిన్నింగు మిల్లుల ముందు వరుసలో ఉన్నాయి.

తొర్రూరులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దుకాణం ముందు ఆగాను. ఇంజన్ ఆపకుండానే విషయం చెప్పాను.

"బంద్ చెయ్యకుంట ఎట్ల సూడాలె?" అన్నాడు.

"బంద్ చేస్తే మళ్ల లేస్తదా?"

"లేవకపోతెనే గద నాకు ఎరుకయ్యేది."

మాట నిజమే. బంద్ చేశాను. చావి తిప్పాను. టక్. ఆయన హెడ్‌లైట్లు వేయించి, ముందుకు వెళ్లి నిలబడి, ఇంకోసారి తిప్పమన్నాడు. టక్.

"బ్యాటరీ కాదు," అన్నాడు. "లైటు ఎలుగు ఇంతగూడ తగ్గలే. బ్యాటరీ సచ్చినదైతే చావి తిప్పంగనే లైటు కండ్లు మూస్తది."

తర్వాత బండి కింద దూరి సెల్ఫ్ మీద సుత్తితో రెండు దెబ్బలు వేసి, తిప్పమని అరిచాడు. ఈసారి ఇంజన్ తిరిగి లేచింది. ఆయన బయటికి వచ్చి సుత్తి తుడుచుకున్న తీరు చూస్తే పోయిన ప్రాణం పోసినట్టే ఉంది.

"సెల్ఫ్ లోపట కరెంటు అందిచ్చే కార్బన్లు అరిగినయ్. సాయంత్రం దాక బండి ఇడిసిపెట్టు."

"చేపలను ఎక్కియ్యాలె అన్నా."

"చేపలను గూడ ఇడిసిపెట్టు. పులుసు చేస్త."

నేను నవ్వి, తిరుగు ప్రయాణంలో వస్తానన్నాను. ఆయన కిటికీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అయితే బంద్ చెయ్యకు. బంద్ అయితే సుత్తి. సుత్తికి లేవకపోతే తోసుడు. తోసేటోళ్లు లేని జాగల ఆగకు."

నర్సరీ కుంట దగ్గర అక్క నా కోసం గట్టు మీదే నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి. చీర కొంగు నడుముకు బిగించి, చేతిలో ఒక స్టీలు చెంబు పట్టుకుని ఉంది. బండి వెనక పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు పెట్టి నీళ్లు నింపాం. దానిలోకి గాలి ఊదే చిన్న మోటరు వైరును మా బ్యాటరీకి తగిలించాం. నీళ్లలో బుడగలు లేచాయి. ఆ తర్వాత పిల్లలను వలతో ఎత్తి వదిలారు. బొచ్చె, రవ్వ, ఒక్కోటి వేలెడంత. ట్యాంకులో వెండి పోసినట్టు తళతళలాడాయి.

"ఎక్కిచ్చుడు అయ్యేదాక గూడ ఇంజన్ బంద్ చెయ్యవా తమ్మీ?" అంది అక్క.

ఏదో పరాచికం ఆడబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సెల్ఫ్ సరిగ్గా లేదు, ఆగితే లేవకపోవచ్చు. ఆమె కొంచెంసేపు ట్యాంకులోకి చూసింది. నర్సరీ ఆయన వైపు చూసింది. ఆయన చేతులు విప్పి చూపించాడు. ఇవే ఆఖరువి, కుంట ఖాళీ.

"ఇంకో బండి లేదాయె," అంది. "ఆపకుంట పోదాం పా."

ఎందుకంత మొండిగా వస్తోందో ట్యాంకుకు తాళ్లు కడుతూ చెప్పింది. వాళ్ల ఊరి చెరువులో చేపపిల్లలు పోసేది, పట్టేది ఎప్పుడూ మగవాళ్లే. వలలు అల్లేది, చేపలు మోసి అమ్మేది ఆడవాళ్లు. ఈ ఏడు ఆడవాళ్లంతా కూడి చెరువు మేమే చూసుకుంటామన్నారు. పంచాయితీ అయింది. ఈ ఒక్క ఏడాది మీరే పోసుకోండి, చేతగాకపోతే మళ్లీ అడగొద్దు అని మగవాళ్లు మాట తీసుకున్నారు. వానలు ఆలస్యమై చెరువు ఆలస్యంగా నిండింది. అప్పటికి ఎక్కడి పిల్లలు అక్కడ అమ్ముడుపోయాయి.

"పెంచుడు తర్వాత, తెచ్చేదాక గూడ బతికియ్యలేరు అన్నరు," అంది తాడు గుంజి ముడివేస్తూ. "మా ఇంటాయన గూడ అండ్లనే ఉన్నడు."

"ఇంట్లనే ప్రతిపక్షమా అక్కా?"

"చాయ పోసిచ్చే వచ్చిన. చాయకు, చెరువుకు సంబంధం లేదు."

ఆమె ముందు సీట్లో కూర్చోలేదు. వెనక ట్యాంకు పక్కనే, తలమీద గోనెసంచి కప్పుకుని కూర్చుంది. గాలి మోటరు ఒక్కటే చాలదని, చెంబుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి మళ్లీ ట్యాంకులోకే పోస్తుంది. అట్లా పడే నీళ్లతో గాలి లోపలికి పోతుంది. అద్దంలోంచి నాకు ఆమె చేయి కనబడుతూనే ఉంది. ముంచడం, ఎత్తడం, పోయడం.

వర్ధన్నపేట దాటాం. వరంగల్ పక్కనుంచి పరకాల రోడ్డెక్కాం. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడితే క్లచ్ తొక్కిపట్టి ఇంజన్‌ను గుర్రుమనిపిస్తూ ఆగాను. పక్కనున్న మోటారు సైకిలాయన ఇంజన్ ఆపుకుని, నా వైపు చూసి, "డీజిల్ ఎక్కువైందా అన్నా?" అన్నాడు. "దీనికి గుండె జబ్బున్నది," అన్నాను. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను, పెదవుల వరకే.

పరకాల చేరేలోపు డాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు ఎర్రగా మినుకుమినుకుమనడం మొదలుపెట్టింది. ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ నిండాలి కదా, ఈ గుర్తెందుకు వెలుగుతోంది? సెల్ఫ్ లోపల కార్బన్లు అరిగితే బ్యాటరీ నిండకపోవడమేమిటి? ఒక రోగానికి రెండు నొప్పులా, లేక రెండు రోగాలా? నాకు పొంతన కుదరలేదు. కుదరని ఆలోచన బండి నడిపేవాడికి పంటి కింద రాయి లాంటిది. వెనక అద్దం మీద అక్క గోటితో కొట్టి, బుడగలు సన్నబడ్డాయని చేత్తో చూపింది.

ఇంతలో ఇంకో ముల్లు. పొద్దుటి కంగారులో డీజిల్ చూసుకోలేదు. మీటరు ముల్లు అడుగుకు వచ్చింది. పరకాల దాటాక ఒక బంకులో ఆగాను. ఆగాను కానీ ఇంజన్ ఆపలేదు. పైపు పట్టుకున్న మనిషి పైపు నా వైపు తిప్పలేదు.

"బంద్ చెయ్."

"బంద్ చేస్తే లేవదన్నా. ఎనుక చేపపిల్లలున్నయ్."

"నడిచే ఇంజన్ల పొయ్య. అంటుకుంటే చేపలే కాదు, మనం గూడ ఏగుతం."

"డబ్బాల పోసియ్యి పోనీ."

"ప్లాస్టిక్ డబ్బాల పొయ్య. బోర్డు సదువుకో."

"సదువురాదన్నా," అని అబద్ధమాడాను.

"అయితే నేను సదివి చెప్తున్న. బంద్ చెయ్."

ఆయన తప్పేమీ లేదు. బంద్ చేశాను. డీజిల్ పడింది. మూత బిగించి చావి తిప్పాను. టక్. సుత్తి తీసుకుని కింద దూరి కొట్టాను. టక్. ఇంకొంచెం గట్టిగా కొట్టాను. టక్. వెనక అక్క చెంబు చప్పుడు వేగమైంది.

బంకు పక్కన ఒక ట్రాలీ ఆటో ఆగి ఉంది. దాన్నిండా తండా ఆడవాళ్లు, పత్తి ఏరడానికి పోతున్నవాళ్లు. వాళ్లు ట్యాంకులోకి తొంగిచూశారు, నన్ను చూశారు, తమ భాషలో ఏదో అనుకుని పగలబడి నవ్వారు. నా గురించే అని తెలుసుకోవడానికి ఆ భాష రావాల్సిన పని లేదు. వాళ్లలో పెద్దామె తెలుగులో అడిగింది.

"తోస్తే పోతదా?"

"పోతదవ్వా. పోతే ఆగదు."

"ఆగకపోతే మంచిదే. మా ఆటో వాడు అయిదడుగులకోసారి ఆగుతడు."

అందరూ దిగారు. నీళ్ల ట్యాంకుతో బరువైన బండిని రోడ్డు మీదికి, అక్కడి నుంచి వాలు వైపుకు తోశారు. రెండో గేరులో వేసి క్లచ్ వదిలాను. బండి ఒక్క కుదుపు కుదిపి లేచింది. ఆగి దండం పెట్టే వీలు కూడా లేదు. చేయి బయటికి చాపి ఊపితే వెనక నుంచి ఇంకో నవ్వు వినిపించింది.

భూపాలపల్లి బొగ్గు లారీల మధ్యనుంచి బయటపడి, ఊరి రోడ్డు దిగి, చెరువుకు పోయే పొలాల బాట పట్టేసరికి ఎండ వాలుతోంది. ఇంకొక్క మలుపు, ఆ తర్వాత కాలువ, దాని అవతల చెరువు కట్ట. ముందు రోజు పడ్డ వానకు నల్లరేగడి బాట మైనంలా ఉంది. ముందు చక్రం ఒక గుంతలో దిగింది. నేను క్లచ్ మీద ఆలోచించాల్సిన చోట బ్రేకు మీద ఆలోచించాను. ఇంజన్ దగ్గి ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం నాకిప్పటికీ చెవిలో ఉంది. వెనక గాలి మోటరు మాత్రం నీరసంగా గుయ్‌మంటోంది.

టక్. సుత్తి. టక్. మళ్లీ సుత్తి. టక్. తోయడానికి మనుషులు లేరు, ఉన్నా ఆ బురదలో ఏనుగు వచ్చినా తోయలేదు. అక్క ఫోను చేస్తే చెరువు దగ్గర ఎదురుచూస్తున్న ఆడవాళ్లు బిందెలతో బయల్దేరారు. కానీ కాలువ నిండా పారుతోంది. చుట్టూ తిరిగి తూము మీది నుంచి దాటి రావాలి.

"వాళ్లొచ్చేదాక ఇవి ఉండవు," అంది అక్క ట్యాంకులోకి చూస్తూ. పిల్లలన్నీ నీటి పైభాగానికి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. అడుగున గాలి చాలనప్పుడు చేప పైకొచ్చి చేసే పని అది. అంత చిన్న నోళ్లు అన్నేసి ఒక్కసారి తెరుచుకుంటుంటే చప్పుడు లేని అరుపులా ఉంది.

"అక్కా, నువ్వొచ్చి చావి తిప్పు. నేను ముందల నిలబడి సూస్త."

ఆమె చెంబు పట్టుకునే దిగి వచ్చి నా సీట్లో కూర్చుంది. నేను బానెట్ ఎత్తి, ఇంజన్ మీదికి వంగి తిప్పమన్నాను. టక్. ఇంకోసారి తిప్పి పట్టుకోమన్నాను. ముంజేయి చురుక్కుమంది. ఎగిరి వెనక్కి పడ్డాను.

"ఏమైంది?"

"కాలింది. సైలెన్సర్ తగిలింది."

చెప్పేశాక గుర్తొచ్చింది, ఈ బండిలో సైలెన్సర్ ఆ పక్క లేదు. నా చేయి ఆనిన చోట ఉన్నది యాక్సిలరేటర్ కేబుల్. కాలితో పెడల్ తొక్కితే ఇంజన్ దగ్గర డీజిల్ పెంచే సన్నని తీగ, అంతే. అది గుంజడానికే తప్ప ఇంకెందుకూ పనికిరాదు. దానిలో కరెంటు పారే పని లేదు. వేలితో మెల్లిగా తాకాను. పెనం మీది గరిటెలా కాలుతోంది.

"గీ తీగ ఎందుకు కాలుతున్నది అక్కా? ఇండ్ల కరెంటే ఉండదు."

నేను ఆమెను అడగలేదు నిజానికి, గాలిని అడిగాను. కానీ ఆమె జవాబు చెప్పింది.

"కరెంటు సంగతి నాకెరుకలేదు. నీళ్లయితే తూము మూస్తే ఆగయి. ఎండ్రకాయ బొక్క ఉన్నా దాంట్ల నుంచి పోతయ్."

నేను బడిలో వినని పాఠం ఆ బురదలో నిలబడి విన్నాను. కరెంటు బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు వస్తే సరిపోదు, మళ్లీ బ్యాటరీకి తిరిగి పోవాలి. పోయే దారి ఎర్త్ పట్టీ, అంటే ఇంజన్‌కూ కింది ఇనుప చట్రానికీ మధ్య బిగించిన రాగి పట్టీ. అది మూసుకుపోతే కరెంటు దొరికిన బొక్కలో దూరుతుంది. ఇంజన్‌ను చట్రంతో కలిపే ఇంకో ఇనుము, పాపం, ఈ తీగే. ఇంత సన్నటి దారిలో సెల్ఫ్‌కు కావాల్సిన కరెంటు పట్టదు, తీగ కాలుతుంది, సెల్ఫ్ టక్‌మని ఊరుకుంటుంది. బ్యాటరీని నింపే కరెంటుకూ అదే దారి. అందుకే ఎర్ర గుర్తు, అందుకే సన్నబడ్డ బుడగలు. రెండు నొప్పులు, ఒక్కటే రోగం. సుత్తి దెబ్బకు లేచినప్పుడు కదిలింది కార్బన్లు కావు, ఆ అదురుకు పట్టీ కొంచెం కదిలి ఉంటుంది.

బురదలో వెల్లకిలా పడుకుని చట్రం కిందికి జరిగాను. ఎర్త్ పట్టీ బిగించిన చోటు కనబడింది. నల్లగా, నిగనిగలాడుతూ. బావకు ఫోను చేశాను.

"బావా, చాసిస్‌కు రంగు కొట్టినప్పుడు ఎర్త్ పట్టీ విప్పినవా?"

"విప్పిన. విప్పకుంట ఎట్ల కొడ్త? దాని కింద తుప్పుండె. మంచిగ రుద్ది, రెండు చేతులు రంగు కొట్టి బిగించిన."

"పట్టీ కింద గూడ రెండు చేతులా?"

"ఆడ మూడు. తుప్పు ఎక్కువుండె."

ఫోను పెట్టేశాను. రంగు వైరు మీది ప్లాస్టిక్ తొడుగు లాంటిది, దానిలోంచి కరెంటు పోదు. బావ పండుగకు ఇంజన్‌కూ చట్రానికీ మధ్య మూడు పొరల గోడ కట్టాడు. ఇన్నాళ్లూ బోల్టు మరలో మిగిలిన కాస్త తాకిడితో బండి నెట్టుకొచ్చి ఉంటుంది.

నిజమేనో కాదో తేల్చుకోవడానికి జాకీ రాడ్డు ఒక కొన ఇంజన్‌కు, ఇంకో కొన చట్రం మీద రంగు లేని ఒక బోల్టుకు అదిమిపట్టి, అక్కను చావి తిప్పమన్నాను. నిప్పులు రాలాయి. ఇంజన్ సగం చుట్టు తిరిగింది. నా గుండె కూడా తిరిగింది. అంతలోనే ఇంజన్ మూలిగి ఆగింది. దారి తెరుచుకుంది కానీ బ్యాటరీలో ఓపిక లేదు. వరంగల్ నుంచి నిండకుండా ఖర్చవుతూనే వచ్చింది.

నేను బయటికి వచ్చి నిలబడ్డాను.

"పట్టీ బాగు చేస్త అక్కా. కానీ గాలి మోటరు వైరు పీకాలె. అది గుంజుకుంటుంటే సెల్ఫ్‌కు ఏం మిగలది."

"పీకితే లేస్తదా?"

"లేస్తది కావొచ్చు."

"కావొచ్చా?"

"కావొచ్చు."

ఆమె నా వైపు చూడలేదు. ట్యాంకు ఎక్కి, నీళ్ల మీద తెరుచుకున్న నోళ్లను ఒక్కసారి చూసి, మళ్లీ దిగి బ్యాటరీ దగ్గరికి వచ్చింది. గాలి మోటరు క్లిప్పు తన చేత్తోనే పీకింది. గుయ్‌మనే చప్పుడు ఆగింది. "తొందరగ," అని మాత్రం అని, చెంబు తీసుకుని పైకెక్కింది.

నేను కింద దూరాను. నట్టు బిగుసుకుని ఉంది. బావ బిగించిన నట్టు, భక్తితో బిగించిన నట్టు. పానా జారి వేళ్ల కణుపులు చీరుకున్నాయి. మూడోసారికి కదిలింది. పట్టీ పక్కకు తీసి స్క్రూడ్రైవర్‌తో రంగు గీకితే చారలు పడుతున్నాయి తప్ప ఊడడం లేదు. అక్క వల దారాలు కోసే చాకు పైనుంచి కిందపడేసింది. దానితో గీకాను. పైన ఆగకుండా నీళ్ల చప్పుడు. ముంచడం, ఎత్తడం, పోయడం. ఒకసారి ఆ చప్పుడు ఆగింది. నా చేయీ ఆగింది.

"ఏమైందక్కా?"

"చెయ్యి మార్చుకున్న. నువ్వు గీకు."

మళ్లీ మొదలైంది. "ఎల్లకిలపడ్తున్నయ్ తమ్మీ," అంది ఇంకొంచెంసేపటికి. గొంతులో ఏడుపు లేదు. పని చేస్తూ చెప్పే మాటలా చెప్పింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

నల్ల రంగు కింద ఇనుము తెల్లగా మెరిసింది. పట్టీ కొన కూడా గీకి, రెండూ కలిపి బిగించాను. కళ్లల్లో రంగు పొడి, నోట్లో మన్ను. లేచి వచ్చి సీట్లో కూర్చున్నాను. చావి మీద చేయి వేసి కొంచెం ఆగాను. బ్యాటరీకి కాస్త విశ్రాంతినిస్తే ఓపిక కూడగట్టుకుంటుందని డ్రైవర్లకు ఒక నమ్మకం. నిజానికి అది నా విశ్రాంతి కోసమేమో. ఒకసారి తిప్పి లేవకపోతే ఇంకోసారి ఉండదు.

"తిప్పవేంది?" అని పైనుంచి వినిపించింది.

తిప్పాను. టక్ లేదు. సెల్ఫ్ ఒక్కో పన్ను కొరుకుతున్నట్టు మెల్లగా తిరిగింది. ఆగేటట్టయింది. ఇంకో చుట్టు. ఆగుతోంది అనుకున్న చోట ఇంజన్ ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. నల్లపొగ వదిలి, వణికి, నిలబడింది. నేను యాక్సిలరేటర్ మీద కాలు పెట్టి కదలకుండా కూర్చున్నాను. అక్క దిగి వచ్చి క్లిప్పు తగిలించింది. డాష్‌బోర్డు మీద ఎర్ర గుర్తు ఆరిపోయింది. బుడగలు మొదట ఒకటీ అరా, తర్వాత గుంపుగా లేచాయి.

చక్రం కింద పత్తి కట్టెలు తొక్కి, మొదటి గేరులో పాక్కుంటూ గుంత దాటాం. తూము దగ్గర బిందెలతో వస్తున్న ఆడవాళ్లు ఎదురై, బండి వెంటే వెనక్కి నడిచారు.

చెరువు కట్ట మీద మగవాళ్లు ఓ పది మంది కూర్చుని ఉన్నారు. ఎవరూ పిలవలేదు, అయినా వచ్చారు. వాళ్లలో అక్క భర్త ఎవరో నాకు చెప్పకుండానే తెలిసింది. బండి వైపు చూడకూడదని గట్టిగా అనుకున్నవాడు ఆయనొక్కడే.

నేను వెంటనే ట్యాంకు వంచేద్దామనుకున్నాను. అక్క చేయి అడ్డం పెట్టింది. ఆడవాళ్లు చెరువు నీళ్లు బిందెలతో తెచ్చి కొంచెం కొంచెంగా ట్యాంకులో పోయసాగారు. రెండు నీళ్ల వేడి ఒకటి కావాలట. అన్ని మైళ్లు పరుగెత్తుకొచ్చి గట్టు మీద ఆగి ఉండడం నాకు ఊపిరాడనివ్వలేదు.

"ఇంకెంతసేపు పోస్తరు, కుమ్మరియ్యరాదు?" అన్నాడు కట్ట మీది ఒకాయన.

"వేడి నీళ్లకెల్లి సల్ల నీళ్లల్ల ఒక్కసారి పడితే గుండాగి సస్తయ్," అంది అక్క తల ఎత్తకుండా. "నువ్వు ఇన్నేండ్లు కుమ్మరిచ్చినవ్. అందుకే మనకు పెద్ద చేప రాలే."

నాకు నవ్వాలని ఉన్నా నా కణుపులు మండుతున్నాయి.

చచ్చిన పిల్లలను ఆమె ముందే ఏరి కొంగులో వేసుకుంది. తర్వాత ట్యాంకు పైపు విప్పింది. నీళ్లతో పాటు పిల్లలు చెరువు అంచులోకి జారాయి. అక్కడే గుంపుగా నిలిచిపోయాయి, ఎటు పోవాలో తెలియనట్టు. కొన్ని ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. అక్క మోకాళ్ల లోతు నీళ్లలో వంగి, అరచేతితో వాటి వెనక నీళ్లను మెల్లగా తోసింది. ఒరిగినవి ఒక్కొక్కటే నిటారయ్యాయి. గుంపు అంచు నుంచి చీలింది. నీళ్ల మీద ఒక సన్నటి వణుకు లోపలికి, లోతుకు పోయింది. కాసేపటికి అంచున మన్ను తప్ప ఏమీ లేదు.

అక్క భర్త కట్ట దిగి వచ్చాడు.

"ఎన్ని సచ్చినయ్?"

ఆమె కొంగు విప్పి చూపించింది. రెండు దోసిళ్లు ఉంటాయేమో. ఆయన వాటిని చూశాడు, ఖాళీ ట్యాంకును చూశాడు, చెరువును చూశాడు.

"తూముకు జాలి కట్టాలె," అంది అక్క ఆడవాళ్లతో. "లేకుంటే నీళ్లతోని బయటికి పోతయ్." సన్నకన్ను వల ఒకటి విప్పి ఒక కొస తాను పట్టుకుంది. ఇంకో కొస నీళ్ల మీద తేలుతోంది. లోతు ఎక్కువున్న వైపు.

"ఆ కొస ఎవరు పట్టాలె?" అన్నాడు భర్త.

"పట్టేటోళ్లు పట్టాలె."

ఆయన లుంగీ ఎగగట్టి, చెప్పులు గట్టు మీద వదిలి, నీళ్లలోకి దిగాడు. ఛాతీ లోతుకు పోయి వల కొస అందుకుని తూము రాయి వైపు లాగాడు.

"గట్టిగ గుంజకు," అంది అక్క. "పిల్లలున్నయ్."